టికెట్ మీద టెర్మినల్ 2, విమానం టెర్మినల్ 1లో: ఆ మాట ప్రయాణికుడికి చెప్పవలసినది ఎవరు?

తూర్పుతీరం (కాకినాడ), 2026 జనవరి 10

సభ్యులందరికీ నమస్కారం. గత మే నెలలో మా అమ్మానాన్నలకు ఢిల్లీ విమానాశ్రయంలో జరిగినదాన్ని ఇన్నాళ్లూ ఇక్కడ రాయలేదు. విమాన సంస్థ నుంచి చివరి సమాధానం వచ్చాక రాద్దామని ఆగాను. అది మొన్న వచ్చింది. తప్పంతా మాదేనని తేల్చింది.

నాన్నకు 68 ఏళ్లు, అమ్మకు 63. ఇద్దరూ కేదారనాథ్, బదరీనాథ్ దర్శనాలు చేసుకుని హరిద్వార్ నుంచి కారులో ఢిల్లీకి తిరిగి వచ్చారు. మధ్యాహ్నం 2:10కి హైదరాబాద్ విమానం, రాత్రికి గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో కాకినాడకు బెర్తులు. టికెట్లను ఫిబ్రవరిలోనే మా ఊరి ఏజెంటు దగ్గర తీసుకున్నాను. ఆయన ఇచ్చిన కాగితం మీద ‘టెర్మినల్ 2’ అని స్పష్టంగా ఉంది. ఆ కాగితాన్నే నాన్న కారు డ్రైవరుకు చూపించారు. డ్రైవరు వారిని 12:20కి టెర్మినల్ 2 ముందు దించి వెళ్లిపోయాడు.

ఆ టెర్మినల్ అప్పటికే మరమ్మతుల కోసం మూసి ఉంది. లోపలికి దారి లేదు. హిందీ అంతగా రాని నాన్న నలుగురిని అడిగి, విమానం టెర్మినల్ 1 నుంచి వెళుతుందని తెలుసుకునేసరికి పావుగంట గడిచింది. మూడు పెట్టెలతో, గంగనీళ్ల డబ్బాతో క్యాబ్ వెతుక్కుని, ట్రాఫిక్ దాటుకుని టెర్మినల్ 1 చేరి, తలుపు దగ్గర వరుసలో నిలబడి కౌంటరు ముందుకు వచ్చేసరికి 1:17 అయింది. చెకిన్ 1:10కి ముగిసింది. మీరు ఆలస్యంగా వచ్చారు కాబట్టి టికెట్ చెల్లదు, కొత్తది కొనుక్కోండి అన్నారు. రాత్రి విమానానికి ఇద్దరికీ కలిపి 21,400 రూపాయలు కట్టాము. గౌతమి వెళ్లిపోయింది. ఆ రాత్రి వారిద్దరూ శంషాబాద్‌లో కుర్చీల మీద కూర్చుని తెల్లవారేదాకా గడిపి, ఉదయం బస్సులో ఇంటికి వచ్చారు.

నేను అడుగుతున్నది ఒకటే ప్రశ్న. విమానం పది నిమిషాలు ముందుకు జరిగినా కబురు పంపే సంస్థ, ఎక్కవలసిన భవనమే మారినప్పుడు ఆ కబురును ప్రయాణికుడి దాకా ఎందుకు చేర్చలేదు? మార్పు గురించి ‘నమోదైన నంబరుకు సందేశం పంపాము’ అని వారు రాశారు. నాన్న ఫోనుకు గానీ నా ఫోనుకు గానీ ఏ సందేశమూ రాలేదు.

బేగంపేట పాతవాసి (హైదరాబాద్), జనవరి 10

అమ్మా, చదువుతుంటే చాలా బాధ కలిగింది. ఈ విషయంలో మన తెలుగువాళ్లకు ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉన్నదని నాకు అనిపిస్తుంది. శంషాబాద్ విమానాశ్రయం 2008 మార్చిలో మొదలైనప్పటి నుంచి దేశీయ, అంతర్జాతీయ ప్రయాణాలకు ఒకటే టెర్మినల్. విశాఖ, తిరుపతి, రాజమహేంద్రవరం వెళ్లినా మనకు కనబడేది ఒకే ద్వారం. అందువల్ల విమానాశ్రయం అంటే ఒక భవనం అనే భావన మనలో నాటుకుపోయింది. బేగంపేట రోజుల్లో ఎన్టీ రామారావు పేరిట దేశీయ టెర్మినల్, రాజీవ్ గాంధీ పేరిట అంతర్జాతీయ టెర్మినల్ వేర్వేరుగా ఉండేవి. కానీ ఒకదాని నుంచి మరొకదానికి నడిచి వెళ్లగలిగేవాళ్లం కాబట్టి ఆ తేడా ఎవరినీ పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. శంషాబాద్‌లో కూడా 2018లో అంతర్జాతీయ ప్రయాణికులు బయలుదేరడానికి పక్కనే ఒక తాత్కాలిక టెర్మినల్ తెరిచి, 2022 నవంబరులో మళ్లీ ప్రధాన భవనంలోకి తెచ్చారు. అప్పుడూ పొరపాటు పడినవారికి కొన్ని నిమిషాల నడకే తప్ప మరో నష్టం లేదు.

ఢిల్లీ సంగతి వేరు. టెర్మినల్ 2, టెర్మినల్ 3 పక్కపక్కనే ఉంటాయి. టెర్మినల్ 1 మాత్రం రన్‌వేలకు ఆవలి పక్కన, వేరే రోడ్డు మీద ఉంది. అక్కడ పొరపాటు పడితే నడిచి సరిదిద్దుకోలేము.

ముక్కుసూటి (హైదరాబాద్), జనవరి 10

తూర్పుతీరం గారూ, మీ తల్లిదండ్రులు పడిన శ్రమ పట్ల నాకు పూర్తి సానుభూతి ఉంది. అయినా మరో పక్షాన్ని కూడా చెప్పాలి. ఢిల్లీ టెర్మినల్ 2ను 2025 ఏప్రిల్ 15 నుంచి మూసివేస్తారని విమానాశ్రయ నిర్వాహకులు ముందే ప్రకటించారు, పత్రికల్లో వచ్చింది, టీవీల్లో చెప్పారు. మీ వారు ప్రయాణం చేసింది మే నెలలో. ప్రయాణానికి ఒక రోజు ముందు సంస్థ వెబ్‌సైటులో పీఎన్‌ఆర్ నమోదు చేసి చూసి ఉంటే కొత్త టెర్మినల్ కనిపించేది. వెబ్ చెకిన్ చేసుకుని ఉంటే బోర్డింగ్ పాస్ మీదనే ఉండేది. ఫిబ్రవరిలో ముద్రించిన కాగితాన్ని మే నెలలో నమ్మడం ప్రయాణికుడి వైపు నుంచి జరిగిన అజాగ్రత్త కాదా?

తూర్పుతీరం (కాకినాడ), జనవరి 10

మీ ప్రశ్న న్యాయమైనదే, సమాధానం చెబుతాను. నేను ముందు రోజు వెబ్ చెకిన్ చేయలేదు. అమ్మానాన్నలు కొండల్లో ఉండగా మూడు రోజుల పాటు వారి ఫోన్లు కలవలేదు. కిటికీ సీటు, నడవా సీటు వంటివి కౌంటరులోనే అడుగుతామని నాన్న ముందే చెప్పి ఉన్నారు. కౌంటరు చెకిన్ చేసుకునే హక్కు ఆ టికెట్‌కు ఉంది, దానికి అదనపు రుసుము కూడా లేదు. ఇక పత్రికల మాట. ఢిల్లీలో ఒక భవనం మూతపడుతుందన్న వార్త కాకినాడలో పత్రిక చదివే మనిషి కంట పడకపోతే ఆయన అజాగ్రత్తగా ఉన్నట్లు అనగలమా? నా పేరు, నా టికెట్, నా డబ్బు, నా ఫోను నంబరు అన్నీ సంస్థ దగ్గర ఉన్నాయి. ఆ మార్పు నాకు పత్రిక ద్వారా తెలియవలసిన అవసరం ఏముంది?

రెక్కలపక్షి (బెంగళూరు), జనవరి 10

నేను విమానాశ్రయ కౌంటర్లలో పదకొండేళ్లుగా పని చేస్తున్నాను. ఏ సంస్థకు, ఏ ఊళ్లో అన్నది చెప్పను. ఇటువంటి ప్రయాణికులను నేను ఎన్నోసార్లు చూశాను, వారిలో సగానికి సగం మంది పెద్దవయసువారే.

కౌంటరులో ఉన్న మనిషికి సమయం ముగిసిన తరువాత చేయగలిగింది చాలా తక్కువ. దేశీయ విమానాలకు సాధారణంగా 60 నిమిషాల ముందు చెకిన్ ఆగిపోతుంది. ఆ క్షణం నుంచి సామాను బరువు, ప్రయాణికుల సంఖ్య లెక్కకట్టి విమానం తూకం పత్రం తయారు చేసే పని మొదలవుతుంది. మీ నాన్నగారు ఏడు నిమిషాలు ఆలస్యంగా వచ్చారని తెలిసినా, ఎదురుగా ఉన్న అమ్మాయికి ఆ విమానాన్ని తిరిగి తెరిచే అధికారం ఉండదు. అందుకని కౌంటరు దగ్గర దయ కోసం వెతకడంలో ప్రయోజనం లేదు. లోపం అంతకంటే చాలా ముందే, టెర్మినల్ మారిన రోజునే జరిగింది.

మేము చేయగలిగినది, చేయనిది మరొకటి ఉంది. విమానానికి రెండు గంటల ముందు నుంచి ఇంకా చెకిన్ కాని వారి జాబితా మా తెర మీద ఉంటుంది. టెర్మినల్ ఇటీవలే మారిన మార్గాల్లో ఆ జాబితాలోని వారికి ఒక్కొక్కరికీ ఫోను చేయమని నేను పని చేసిన ఒక చోట మా పై అధికారి ఆదేశించారు. ఆ వారంలో మేము ఎందరినో సరైన టెర్మినల్‌కు మళ్లించగలిగాము. అందులో నాకు ఎదురైన పెద్ద అడ్డంకి ఏమిటంటే, తెర మీద ఉన్న నంబరుకు చేస్తే చాలాసార్లు ప్రయాణికుడు పలకడు, ఏదో ట్రావెల్ ఆఫీసు వారు పలుకుతారు, లేదా తెల్లవారుజాము కనుక ఎవరూ పలకరు. తూర్పుతీరం గారూ, మీ బుకింగులో ఏ నంబరు నమోదై ఉన్నదో ముందు తెలుసుకోండి.

ప్రయాణశాల (విజయవాడ), జనవరి 11

రెక్కలపక్షి గారు అసలు కీలకం పట్టుకున్నారు. నేను టికెట్లు అమ్మే వృత్తిలో ఉన్నాను కాబట్టి, మా వైపు నుంచి జరిగే తప్పును నేనే ఒప్పుకోవడం మర్యాద.

బుకింగ్ చేసేటప్పుడు మా తెర మీద ఏజెన్సీ నంబరుకు ఒక గడి, ప్రయాణికుడి నంబరుకు మరో గడి ఉంటాయి. చాలామంది ఏజెంట్లు రెండింటిలోనూ తమ నంబరే పెడతారు. ప్రయాణికుడి నంబరు ఇస్తే సంస్థ నేరుగా అతనికి ప్రకటనలు పంపి మా వ్యాపారాన్ని లాక్కుంటుందన్న భయం ఒక కారణం. పాతికమంది యాత్రికులకు ఒకేసారి టికెట్లు తీసేటప్పుడు అందరి నంబర్లూ కొట్టే ఓపిక లేకపోవడం మరో కారణం. ప్రయాణికుడిని అడిగి, అతను ఒప్పుకుంటే అతని ఫోను నంబరును, ఈమెయిలును విమాన సంస్థకు అందజేయాలని విమాన సంస్థల అంతర్జాతీయ సంఘమైన ఐయాటా నియమమే చెబుతోంది. దాన్ని పాటించేవారు ఎందరన్నది మా వృత్తిలో అందరికీ తెలుసు.

రెండో సంగతి కాగితం మీది టెర్మినల్ గురించి. విమాన సంస్థలు తమ కాలపట్టికను ప్రపంచమంతటా పంపే ప్రామాణిక నమూనాలో టెర్మినల్‌కు ప్రత్యేకమైన గడి ఉంది. మేము టికెట్ తీసిన రోజు ఆ గడిలో ఏది ఉంటే అదే కాగితం మీదికి వస్తుంది. తరువాత సంస్థ ఆ గడిని మార్చినా మా దగ్గర ముద్రించిన కాగితం మారదు కదా. బయలుదేరే సమయం మారితే మా తెర మీద ఎర్ర జెండా లాంటి హెచ్చరిక వస్తుంది, ప్రయాణికుడి అంగీకారం తీసుకుని టికెట్‌ను సవరించాలి. టెర్మినల్ ఒక్కటే మారినప్పుడు, నా అనుభవంలో, అటువంటి ఒత్తిడి ఏదీ ఉండదు. వచ్చే సందేశం రోజూ వచ్చే వందల ఈమెయిళ్లలో ఒకటిగా కలిసిపోతుంది. అంటే ఎక్కవలసిన భవనాన్ని ఈ వ్యవస్థ మొత్తం ఒక చిన్న వివరంగా చూస్తోంది. మీ తల్లిదండ్రుల ప్రయాణం తప్పిపోవడానికి మూలం అక్కడ ఉందని నా అభిప్రాయం.

బేగంపేట పాతవాసి (హైదరాబాద్), జనవరి 11

ప్రయాణశాల గారి మాటతో నాకు రైలు టికెట్ గుర్తుకు వచ్చింది. సికింద్రాబాద్ స్టేషను పునర్నిర్మాణం వల్ల 2025లో ఎన్నో రైళ్లను చర్లపల్లికి మార్చారు. 2025 జనవరిలో ప్రారంభమైన ఆ కొత్త టెర్మినల్‌కు నగరం నుంచి చేరడానికి జనం ఇబ్బంది పడ్డారు, నేనూ పడ్డాను. అయినా ఒక తేడా ఉంది. రైలు టికెట్ మీద ఎక్కే స్టేషను పేరు, దాని గుర్తింపు అక్షరాలు ఉంటాయి. చర్లపల్లి ఒక స్టేషను, సికింద్రాబాద్ మరో స్టేషను. స్టేషను మారితే టికెట్టే మారినట్లు లెక్క. విమాన టికెట్‌లో ఒప్పందం విమానాశ్రయం పేరు దగ్గర ఆగిపోతుంది. ‘ఢిల్లీ’ అన్నంత వరకే వారు బాధ్యత తీసుకుంటారు, టెర్మినల్ అంకె పక్కన చేర్చిన సూచన మాత్రమే. సికింద్రాబాద్ నుంచి చర్లపల్లికి వెళ్లడం ఎంత పనో, ఢిల్లీలో టెర్మినల్ 2 నుంచి 1కి పెట్టెలతో వెళ్లడం వృద్ధులకు అంత పని.

ముక్కుసూటి (హైదరాబాద్), జనవరి 11

నేను నిన్న రాసినదాన్ని కొంత సవరించుకుంటున్నాను. ఏజెంటు నంబరు విషయం నాకు తెలియదు. అయితే టెర్మినల్ 3 నుంచి టెర్మినల్ 1కి ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ మెట్రోలో రెండు స్టేషన్లే కదా, పొరపాటు పడినా అరగంట ముందు చేరినవారు సులువుగా మారవచ్చు.

రెక్కలపక్షి (బెంగళూరు), జనవరి 11

ముక్కుసూటి గారూ, ఇది నమ్మి ఎవరైనా విమానం అందుకోలేకపోయే ప్రమాదం ఉంది కాబట్టి వెంటనే దిద్దుతున్నాను. ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ లైనులోని విమానాశ్రయ స్టేషను టెర్మినల్ 3 దగ్గర ఉంది, టెర్మినల్ 2కి కూడా అదే దగ్గర. టెర్మినల్ 1 స్టేషను మెజెంటా లైనులో ఉంది. ఆ రెండు లైన్లకూ అక్కడ నేరుగా కలయిక లేదు. మెట్రోలోనే వెళ్లాలంటే ద్వారకా సెక్టార్ 21కి వెళ్లి, బ్లూ లైనులో జనక్‌పురి వెస్ట్ దాకా వచ్చి, అక్కడ మెజెంటా ఎక్కాలి. విమానం అందుకోవలసినవారు చేయదగిన పని కాదు. టెర్మినళ్ల మధ్య తిరిగే బస్సు గానీ క్యాబ్ గానీ మేలు. రెండు టెర్మినళ్ల మధ్య కనీసం గంట సమయం చేతిలో ఉంచుకోమని నేను మా బంధువులకు చెబుతాను.

మరో మాట. ఢిల్లీలో ఈ మార్పులు ఎన్నిసార్లు జరిగాయో చూడండి. 2024 జూన్ 28న భారీ వర్షంలో టెర్మినల్ 1 ముందరి పైకప్పు కూలి ఒక క్యాబ్ డ్రైవరు చనిపోయారు. ఆ రోజే అక్కడి విమానాలన్నీ టెర్మినల్ 2, 3లకు వెళ్లాయి. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో కొన్ని తిరిగి టెర్మినల్ 1కి వచ్చాయి. 2025 ఏప్రిల్ 15న టెర్మినల్ 2 మూతపడి అక్కడివి టెర్మినల్ 1కి మారాయి. అక్టోబరు 26న టెర్మినల్ 2 మళ్లీ తెరుచుకుంది, కొన్ని విమానాలు మళ్లీ అటు వెళ్లాయి. పదహారు నెలల్లో ఇన్ని మార్పులు. కూలిన పైకప్పు విషయంలో ముందుగా చెప్పే వీలు ఎవరికీ లేదు, ఆ రోజు సంస్థలు చేతనైనంత చేశాయి. 2025లో జరిగిన రెండు మార్పులూ వారాల ముందే తెలిసినవి. వాటికి ఆ సాకు వర్తించదు.

ముక్కుసూటి (హైదరాబాద్), జనవరి 11

దిద్దినందుకు కృతజ్ఞతలు. పొరపాటు నాదే.

భీవండి మగ్గం (భీవండి), జనవరి 12

ముంబై వైపు నుంచి ఒక హెచ్చరిక రాయాలి. మా భీవండిలో ఉన్న తెలుగు కుటుంబాలవారు పెళ్లిళ్లకూ, పండుగలకూ హైదరాబాద్‌కు తరచూ వెళ్లి వస్తుంటారు. ఇన్నాళ్లూ ముంబైలో అయోమయం టెర్మినల్ 1, టెర్మినల్ 2 మధ్య ఉండేది. మొదటిది విలేపార్లే వైపు, రెండోది సహార్ వైపు. రెండింటిలోనూ దేశీయ విమానాలు ఉండటం వల్ల ‘హైదరాబాద్ విమానం కాబట్టి డొమెస్టిక్ టెర్మినల్‌కు పోనీ’ అని ఆటోవాడికి చెప్పి చిక్కుకున్నవారు మా వీధిలోనే ముగ్గురు ఉన్నారు. ఒకే సంస్థ విమానాలు కొన్ని అక్కడ, కొన్ని ఇక్కడ ఉంటాయి.

గత డిసెంబరు 25 నుంచి నవీ ముంబై విమానాశ్రయం కూడా మొదలైంది. ఇది టెర్మినల్ తేడా కాదు, 30 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న మరో విమానాశ్రయం. టికెట్ వెతికేటప్పుడు ‘ముంబై’ అని కొడితే రెండింటి విమానాలూ ఒకే జాబితాలో వస్తున్నాయి. ధర తక్కువగా ఉన్నదాన్ని నొక్కి, ఏ విమానాశ్రయమో చూడకుండా కొన్నవారు ఇక మీదట ఎందరో ఉంటారు. సంక్రాంతికి ఊరు వెళ్లేవారు దయచేసి మూడక్షరాల గుర్తును చూడండి. బీఓఎం అంటే పాతది, ఎన్‌ఎంఐ అంటే కొత్తది. అక్షరాలు అర్థం కాని పెద్దల కోసం సంస్థలు ఆ రెండు పేర్లనూ పెద్ద అక్షరాలతో, వారి భాషలో చూపించాలి.

నిజాంసాగర్ (దుబాయ్), జనవరి 12

నేను దుబాయ్‌లో డ్రైవరుగా పని చేస్తూ, సెలవు మీద ఇంటికి పోయే నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వాళ్లను తరచూ విమానాశ్రయంలో దించుతుంటాను. ఇక్కడ మూడు టెర్మినళ్లు ఉన్నాయి. 1, 3 ఒక వైపున, మెట్రో రెడ్ లైను మీద ఉన్నాయి. టెర్మినల్ 2 రన్‌వేలకు అవతలి పక్కన ఉంది, దానికి మెట్రో లేదు. ఒక సంస్థ పేరు మీద టికెట్ కొని, మరో సంస్థ నడిపే విమానం ఎక్కే పద్ధతి ఇక్కడ చాలా ఉంది. టికెట్ పైభాగాన పెద్దగా కనబడే సంస్థ పేరును బట్టి టెర్మినల్ ఊహిస్తే తప్పు అవుతుంది, ‘నడిపేది ఫలానా సంస్థ’ అని కింద చిన్న అక్షరాల్లో ఉన్నదాన్ని బట్టి చూడాలి.

రెండేళ్లకొకసారి ఇంటికి పోయే మనిషి, పిల్లలకు కొన్న బొమ్మలతో, తాడుతో కట్టిన అట్టపెట్టెలతో తప్పు టెర్మినల్ ముందు నిలబడి ఏడవడం నేను కళ్లారా చూశాను. ఆయనకు ఇంగ్లీషు రాదు, అరబ్బీ కొంత వచ్చు, తెలుగు బాగా చదవగలడు. తెలుగులో ఒక్క వాక్యం ఫోనుకు వచ్చి ఉంటే ఆయనకు ఆ గతి పట్టేది కాదు. టికెట్లు అమ్మడానికి తెలుగులో ప్రకటనలు ఇవ్వడం వారికి చేతనవుతుంది. మరి టెర్మినల్ మారిందన్న మాటను తెలుగులో చెప్పడం ఎందుకు చేతకాదు?

థేమ్స్ తీరవాసి (లండన్), జనవరి 12

నిజాంసాగర్ గారు చెప్పిన భాష విషయం నన్ను కదిలించింది. లండన్ హీత్రో అనుభవం కొంచెం చెబుతాను. అక్కడ టెర్మినల్ 1ను 2015లో పూర్తిగా మూసేశారు. టెర్మినల్ 4ను కోవిడ్ కాలంలో 2020లో మూసి, 2022 జూన్‌లో మళ్లీ తెరిచారు. మార్పులు అక్కడా తక్కువ కాదు. అయినా పొరపాటు పడినవారికి నష్టం తగ్గడానికి ఒక కారణం ఉంది. టెర్మినళ్ల మధ్య రైలులో ఉచితంగా వెళ్లవచ్చు. సమాచారం చేరకపోయినా దారి ఉంది. ఢిల్లీలో దారి కష్టం కాబట్టి సమాచారం మరింత గట్టిగా చేరవలసి ఉంటుంది. టెర్మినళ్లను కలిపే ఎయిర్ ట్రైన్ గురించి అక్కడ ఎంతో కాలంగా మాట్లాడుతున్నారు. అది వచ్చేదాకా సంస్థల మీద ఉన్న బాధ్యత రెట్టింపు అవుతుందని నేను నమ్ముతున్నాను.

వాదప్రతివాది (గుంటూరు), జనవరి 13

నేను వినియోగదారుల కేసులు చూసే న్యాయవాదిని. తూర్పుతీరం గారికి ఉపయోగపడేంత వరకు రాస్తాను.

మొదట, పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనల గురించి. బోర్డింగ్ నిరాకరణ, విమానం రద్దు, ఆలస్యం అనే మూడు సందర్భాలకు ఆ నిబంధనల్లో పరిహారం, భోజనం, బస వంటివి స్పష్టంగా ఉన్నాయి. ఉదాహరణకు ముందస్తు కబురు లేకుండా విమానం రద్దు చేస్తే ప్రయాణ కాలాన్ని బట్టి 5,000 నుంచి 10,000 రూపాయల వరకు పరిమితితో పరిహారం ఉంది. టెర్మినల్ మార్పు ఆ మూడింటిలో ఒకటి కాదు. మీకు జరిగిన నష్టం పేరు పెట్టని నష్టంగా మిగిలిపోవడానికి ఇదే కారణం. బుకింగ్ సమయంలో సరైన ఫోను వివరాలు ఇవ్వని ప్రయాణికుడికి రద్దు పరిహారం రాదని కూడా అందులో ఉంది. మీ కేసులో అవతలి పక్షం ఆ వాదనను అరువు తెచ్చుకోవచ్చు, సిద్ధంగా ఉండండి.

రెండు, మీరు ప్రయాణించని టికెట్‌లో కూడా చట్టబద్ధమైన పన్నులు, విమానాశ్రయ రుసుములు వాపసు ఇవ్వాలి. ‘నో-షో’ (టికెట్ ఉండి విమానం ఎక్కకపోవడం) అయినా, తిరిగి చెల్లింపు లేని టికెట్ అయినా ఆ భాగం మీకు రావాలి. చాలామంది ఈ సంగతి తెలియక అడగరు. ఇవాళే రాతపూర్వకంగా అడగండి.

మూడు, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద ‘సేవా లోపం’ అని ఫిర్యాదు చేయవచ్చు. ఢిల్లీకి వెళ్లనక్కరలేదు. ఫిర్యాదు చేసేవారు నివసించే ప్రాంతంలోని జిల్లా కమిషన్‌లోనే దాఖలు చేసే వీలును ఆ చట్టం ఇచ్చింది. సేవకు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే రుసుము లేదు. ఘటన జరిగిన నాటి నుంచి రెండేళ్ల గడువు ఉంది కాబట్టి మీకు 2027 మే వరకు సమయం ఉంది, అయినా ఆలస్యం చేయవద్దు. ఈ-జాగృతి వెబ్‌సైటు ద్వారా ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు, న్యాయవాది తప్పనిసరి కాదు. డబ్బు మీరు చెల్లించినా ప్రయాణికులు మీ తల్లిదండ్రులు, కనుక ఫిర్యాదు వారి పేరు మీద వేయడం మంచిది.

‘టెర్మినల్ 2’ అని ఉన్న అసలు కాగితం, కొత్త టికెట్ రసీదు, గౌతమి టికెట్, హరిద్వార్ కారు రసీదు దాచి ఉంచండి. సందేశం పంపామని సంస్థ అంటోంది కాబట్టి, ఏ తేదీన, ఏ నంబరుకు పంపారో రాతపూర్వకంగా అడగండి. ఈ కేసు ఆ ఒక్క సమాధానం మీద ఆధారపడి ఉంటుంది.

ముక్కుసూటి (హైదరాబాద్), జనవరి 13

న్యాయవాది గారికి ఒక ప్రశ్న. సంస్థ నిజంగానే ఏజెంటు నంబరుకు సందేశం పంపి ఉంటే, సంస్థ బాధ్యత అక్కడితో తీరిపోయినట్లే కదా?

వాదప్రతివాది (గుంటూరు), జనవరి 13

వారు అలాగే వాదిస్తారు. దానికి ఎదురుగా చెప్పదగిన మాట ఇది: ఏజెంటు సంస్థ తరఫున టికెట్ అమ్మి కమీషన్ తీసుకునేటప్పుడు సంస్థ మనిషి, కబురు చేరవేయవలసి వచ్చినప్పుడు మాత్రం ప్రయాణికుడి మనిషి ఎలా అవుతాడు? వినియోగదారుల కమిషన్ ఏమంటుందో నేను ముందుగా చెప్పలేను. ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చితే ఒకరి మీద ఒకరు నెట్టుకునే వీలు తగ్గుతుంది.

తూర్పుతీరం (కాకినాడ), జనవరి 17

అందరికీ కృతజ్ఞతలు. ఈ నాలుగు రోజుల్లో జరిగినది రాస్తున్నాను.

సంస్థకు రాస్తే, సందేశం 2025 ఏప్రిల్ 4న పంపినట్లు, నంబరులోని చివరి నాలుగు అంకెలతో సహా సమాధానం వచ్చింది. ఆ అంకెలు నావి కావు, నాన్నవి కావు. వాటిని పట్టుకుని మా ఏజెంటు దగ్గరికి వెళ్లాను. ఆయన మా నాన్నకు ఇరవై ఏళ్ల స్నేహితుడు. తన ఆఫీసు ఫోను తీసి, ఏప్రిల్ సందేశాలన్నీ వెనక్కి జరుపుతూ వెతికారు. ఉంది. విమానం సంఖ్య, తేదీ, టెర్మినల్ 1 అన్న మాట, అన్నీ ఉన్నాయి. ఆ రోజు అటువంటివి అరవైకి పైగా వచ్చాయట. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, ‘అమ్మా, నన్ను కూడా కేసులో చేర్చు, నేను అడ్డు చెప్పను’ అన్నారు.

ఆయన మీద కోపం తెచ్చుకోవడం నాకు చేతకాలేదు. ఒక్క సందేశం పంపి, అది చదివారో లేదో చూడకుండా, ప్రయాణం రోజున ఇద్దరు వృద్ధులు ఇంకా చెకిన్ కాలేదని తెర మీద కనబడుతున్నా ఫోను చేయకుండా వదిలేసిన సంస్థనూ వదలదలచుకోలేదు. న్యాయవాది గారు చెప్పినట్లు ఇద్దరినీ చేర్చి, నాన్న, అమ్మ పేర్ల మీద కాకినాడ జిల్లా కమిషన్‌కు ఫిర్యాదు సిద్ధం చేస్తున్నాను. పన్నుల వాపసు కోసం వేరే లేఖ పంపాను.

ఫిబ్రవరి 22న మా చిన్నాన్న వాళ్లు ఢిల్లీ నుంచి వస్తున్నారు. వారి కాగితం మీద ‘టెర్మినల్ 1’ అని ఉంది. టెర్మినల్ 2 మళ్లీ తెరిచారు కనుక అది అక్కడే ఉందో లేదో చూడాలి. ఏజెంటు గారు ఆ బుకింగులో చిన్నాన్న నంబరు, పిన్ని నంబరు రెండూ చేర్చారు, నేను దగ్గర కూర్చుని చూశాను.

ప్రయాణశాల (విజయవాడ), జనవరి 17

నంబరు చేర్చిన తరువాత సంస్థ వెబ్‌సైటులోకి వెళ్లి, బుకింగ్ వివరాల్లో అది కనబడుతోందో లేదో కూడా చూసుకోండి. కొన్నిసార్లు మేము చేర్చినది వారి వైపు చేరదు. 20వ తేదీన ఒకసారి, 21 రాత్రి మరోసారి పీఎన్‌ఆర్‌తో టెర్మినల్ చూడండి. నేను సోమవారం నుంచి మా ఆఫీసులో ఉన్న మార్చి నెలాఖరు వరకు ప్రయాణాల బుకింగులన్నీ తెరిచి, ప్రయాణికుల నంబర్లు చేర్చే పని మొదలుపెడుతున్నాను. మొత్తం 212 ఉన్నాయి.